టన్నున్నర ఏసీ వెనక రెండొందల ఏళ్ళ లెక్క

మన ఊళ్ళో ఏసీ కొనడానికి షాపుకెళితే సేల్స్ కుర్రాడు అడిగే మొదటి ప్రశ్న "రూమెంతండీ?" అని. పది బై పన్నెండంటే "టన్ను చాలు సార్" అంటాడు. పన్నెండు బై పదిహేనంటే "టన్నున్నర తీసుకోండి" అంటాడు. కాస్త అనుభవమున్నవాడైతే "పై అంతస్తా?" అని కూడా అడుగుతాడు. అమెరికాలో కాంట్రాక్టరైతే ట్రక్కు దిగుతూనే ఇల్లు ఎన్ని చదరపు అడుగులో కనుక్కుని, ఐదొందలతో భాగించేసి, "ఫైవ్ టన్" అంటాడు. భాష మారింది గానీ పద్ధతి ఒకటే. గోడలు, కిటికీలు, కప్పు, అందులో ఉండే మనుషులు, వీటి ఊసే లేదు.

ఆ లెక్క చెయ్యడం తెలియక కాదు. భవనానికి ఎంత వేడి కావాలో, ఎంత చల్లదనం కావాలో లెక్కగట్టే విద్య వయసు ఇప్పటికి రెండొందల ఏళ్ళు. దాని కథ నాకు తెలియడానికి కారణం నా ఉద్యోగం. నేను మెకానికల్ ఇంజనీర్ని కాదు, మామూలు సాఫ్ట్‌వేర్ కూలీని. చాలా ఏళ్ళ కిందట ఒక కన్సల్టింగ్ కంపెనీలో పదకొండు నెలల కాంట్రాక్టు దొరికింది. వాళ్ళ పాత ఫోర్ట్రాన్ ప్రోగ్రాము కక్కే రిపోర్టుల్ని కొత్త రూపంలోకి మార్చడం నా పని. ఆ కోడు చదువుతుంటే పక్కనున్న పెద్దాయన, రిటైర్మెంటుకి దగ్గర పడ్డ ఇంజనీరు, ఒక్కో సబ్‌రొటీన్ వెనకా ఒక్కో పురాణం చెప్పేవాడు. ఆ తర్వాత నా అంతట నేను కొంత చదువుకున్నాను.

ముందు ఈ టన్ను సంగతి తేల్చేద్దాం. మా మావయ్య ఒకాయన "టన్నున్నర అంటున్నారు, గోడ ఆగుతుందంటావా?" అని చాలా సీరియస్‌గానే అడిగాడు. ఇది ఏసీ బరువు కాదు మావయ్యా, ఐసు బరువు. 2000 పౌన్ల ఐసు 24 గంటల్లో పూర్తిగా కరగడానికి ఎంత వేడిని తాగుతుందో అదే ఒక టన్ను. పౌను ఐసు కరగడానికి 144 బీటీయూలు కావాలి కాబట్టి, రోజుకి 2,88,000, గంటకి 12,000 బీటీయూలు. ఇప్పటి కొలతల్లో సుమారు మూడున్నర కిలోవాట్లు. మిషన్లు రాకముందు చల్లదనమంటే ఐసే గనక, మిషను వచ్చాక కూడా అది ఎంత ఐసుకి సమానమో చెబితేనే జనానికి అర్థమైంది. కారుకి గుర్రాల లెక్క ఉన్నట్టే.

మద్రాసు వెళ్ళినవాళ్ళకి ఐస్ హౌస్ తెలిసే ఉంటుంది. మెరీనా ఎదురుగా, ఇప్పుడు వివేకానందుడి పేరున్న గుండ్రటి భవనం. అది బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ 1842లో ఐసు దాచుకోడానికి కట్టించింది. అమెరికా చెరువుల్లో గడ్డకట్టిన నీటిని కోసి, రంపప్పొట్టులో చుట్టి, ఓడలో మన తీరానికి తెచ్చి అమ్మేవాడు. మన జిల్లాలు కొన్ని మద్రాసు రాజధానిలోనే ఉండేవి కాబట్టి మన జమీందార్లలో ఎవరో ఒకరి గ్లాసులో ఆ ముక్క పడే ఉంటుందని నా ఊహ. అంతకు ముందు 1833లో కలకత్తాకి పంపిన మొదటి ఓడలో 180 టన్నులు ఎక్కిస్తే, నాలుగు నెలల తర్వాత సుమారు 100 టన్నులు మిగిలాయి. అంటే 120 రోజుల్లో 80 టన్నులు కరిగింది. టన్ను నిర్వచనం పెట్టి భాగించి చూడండి. భూమధ్యరేఖని రెండుసార్లు దాటిన ఓడ గర్భానికి కూలింగ్ లోడు మూడింట రెండొంతుల టన్ను! మన బెడ్రూముకి టన్నున్నర. రంపప్పొట్టు మహిమ.

ఇంకో లెక్క కూడా సరదాగా ఉంటుంది. 1881 జులైలో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ని తుపాకితో కాల్చారు. వాషింగ్టన్ ఎండల్లో ఆయన పడుకున్న గదిని చల్లబరచడానికి నౌకాదళం ఇంజనీర్లు ఐసు నీళ్ళతో తడిపిన గుడ్డల మీదుగా గాలి వీచే ఏర్పాటు చేశారు. గది సుమారు 20 డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లబడింది గానీ రెండు నెలల్లోపే ఐదు లక్షల పౌన్ల ఐసు ఖర్చయింది. రోజుకి నాలుగు టన్నుల పైమాటే. అంటే ఒక్క గదికి నాలుగు టన్నుల ఏసీ అన్నమాట. చల్లబడిన గాలి మళ్ళీ తిరిగి రాకుండా బయటికి పోతుంటే అంతే అవుతుంది. ఆయన సెప్టెంబరులో చనిపోయాడు. ఆ ఏర్పాటు మాత్రం చరిత్రలో మిగిలింది.

సరే, ఇవి జరిగాక చేసిన లెక్కలు. కట్టకముందే లెక్క చెయ్యడమే అసలు విద్య, అది చలిదేశాల్లో పుట్టింది. లండన్‌లో థామస్ ట్రెడ్‌గోల్డ్ 1824లో, పారిస్‌లో యూజీన్ పెక్లే 1828లో భవనాల్ని వెచ్చబెట్టడం గురించి పుస్తకాలు రాశారు. బెర్లిన్‌లో ప్రొఫెసర్ హెర్మన్ రీచెల్ 1893లో రాసిన పుస్తకంతో అది పద్ధతి ప్రకారం నేర్చుకునే శాస్త్రమైంది. సూత్రం ఏడో తరగతి పిల్లలకి కూడా అర్థమౌతుంది. గోడ వైశాల్యం, ఒక డిగ్రీ తేడాకి చదరపు మీటరులోంచి ఎంత వేడి పోతుందో చెప్పే గుణకం, లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడా, ఈ మూడూ గుణిస్తే చాలు. రెండు వైపులా సిమెంటు పూసిన తొమ్మిదంగుళాల ఇటుక గోడకి ఆ గుణకం సుమారు 2 వాట్లు. పది చదరపు మీటర్ల గోడ, 20 డిగ్రీల తేడా అనుకుంటే 400 వాట్లు. అన్ని గోడలకీ, కిటికీలకీ, కప్పుకీ కూడి, సందుల్లోంచి దూరే చలిగాలికి కొంత కలిపితే హీటింగ్ లోడు వచ్చేస్తుంది.

ఇంత తేలిగ్గా ఎలా అయిందంటే, చలికాలం లెక్కలో కాలం లేదు. ఏడాదిలోకెల్లా ఘోరమైన రాత్రిని ఊహించుకుంటారు. సూర్యుడు లేడు. లోపల మనుషులు, దీపాలు ఇచ్చే వేడి ఉన్నా లేదనుకుంటారు. బయటి చలి అలాగే రాత్రంతా నిలబడిపోయింది అనుకుంటారు. ఇవన్నీ జాగ్రత్త వైపు చేసిన పొరపాట్లు కాబట్టి బాయిలరు కాస్త పెద్దదవుతుంది, అంతే. ఎవరూ వణకరు.

వేసవి దగ్గరికొచ్చేసరికి ఈ తెలివితేటలు పనిచెయ్యలేదు.

మొదట ఎదురైన చిక్కు తేమ. 1902లో న్యూయార్కు బ్రూక్లిన్‌లో సాకెట్ అండ్ విల్‌హెల్మ్స్ అనే ప్రెస్సులో రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేవి కావు. గాలిలో తేమకి కాగితం సాగేది, ముడుచుకునేది. ఆ సమస్య బఫెలో ఫోర్జ్ కంపెనీలో పనిచేస్తున్న పాతికేళ్ళ విల్లిస్ క్యారియర్ దగ్గరకొచ్చింది. వాతావరణ శాఖ తేమ పట్టికలు ముందేసుకుని కూర్చుని ఆయన తేల్చిన చల్లదనం రోజుకి 1,08,000 పౌన్ల ఐసు, అంటే 54 టన్నులు. గాలి ఉష్ణోగ్రత తగ్గించడానికి కొంత వేడి తియ్యాలి, అందులో తేమని నీళ్ళుగా మార్చడానికి ఇంకొంత వేడి తియ్యాలి. ఈ రెండోది థర్మామీటరుకి కనపడదు. బళ్ళో చదువుకున్న గుప్తోష్ణం ఇదే. ఈ రెండిటినీ ఒకే పటం మీద చూపించే సూత్రాల్ని క్యారియర్ 1911లో మెకానికల్ ఇంజనీర్ల సభలో చదివాడు. దాదాపు అదే సమయంలో ఆల్‌ఫ్రెడ్ వుల్ఫ్ అనే ఇంజనీరు న్యూయార్కు స్టాక్ ఎక్స్చేంజికి 300 టన్నుల ఏర్పాటు చేశాడు. అది 1903లో మొదలైంది.

రెండో చిక్కు ఎండ. దీనికి పరిష్కారం దొరకడానికి ఇంకో అరవై ఏళ్ళు పట్టింది. ఎందుకో మనకి తేలిగ్గా అర్థమౌతుంది, ఎందుకంటే మనం బెజవాడ వేసవిలో పెరిగినవాళ్ళం. అమ్మమ్మగారి పెంకుటింట్లో గోడలు రెండడుగుల మందం, మిట్టమధ్యాహ్నం లోపలికెళితే ప్రాణం లేచొచ్చేది. అదే తొమ్మిదంగుళాల గోడలూ, సిమెంటు స్లాబూ ఉన్న డాబా ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి పడమటి గోడ మీద చెయ్యి వేస్తే చురుక్కుమనేది. బయట సూర్యుడు అస్తమించి గంటన్నర అయింది. గోడకి ఆ సంగతి ఇంకా తెలీదు! అందుకేగా బకెట్లతో నీళ్ళు చల్లి డాబా మీద పక్కలు వేసుకున్నది. తొమ్మిదంగుళాల ఇటుక గోడలో వేడి ఈ వైపు నుంచి ఆ వైపుకి చేరడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. అంటే సాయంత్రం ఆరింటికి గదిలోకొచ్చే వేడిని మధ్యాహ్నం పన్నెండింటి ఎండ పంపించింది. ఈ క్షణం లోపలెంత, బయటెంత అని తీసేసి గుణించే చలికాలం సూత్రం ఇక్కడ బొత్తిగా పనికిరాదు. గోడకి జ్ఞాపకం ఉంది.

గోడకే కాదు, నేలకీ, బీరువాకీ కూడా. కిటికీ అద్దంలోంచి వచ్చిన ఎండ గాలిని నేరుగా వేడెక్కించదు. నేల మీద పడుతుంది, నేల వేడెక్కుతుంది, ఆ నేల తీరిగ్గా గాలికి ఇస్తుంది. కాబట్టి గదిలోకి ఇప్పుడు వచ్చిన వేడి వేరు, ఏసీ ఇప్పుడు తియ్యాల్సిన వేడి వేరు. ఈ తేడా తెలిసినవాడే కూలింగ్ లోడు తెలిసినవాడని మా పెద్దాయన అనేవాడు.

గణితం లేక కాదు. ఫోరియే 1822లోనే ఘనపదార్థాల్లో వేడి ఎలా ప్రయాణిస్తుందో పుస్తకం రాశాడు. రోజూ వచ్చే ఎండని అలలుగా విడగొట్టి, ఒక్కో అల గోడలో ఎంత ఆలస్యమౌతుందో, ఎంత నీరసిస్తుందో లెక్కెయ్యొచ్చు. భవనాలకి దీన్ని వాడే పని 1930ల చివర్లో మొదలైంది. 1944లో కార్నెల్ యూనివర్సిటీలో మాకీ, రైట్ ఆ పద్ధతిని ఇంజనీర్లు వాడుకోగలిగే రూపంలోకి తెచ్చారు. వాళ్ళ చేతుల్లో స్థిరపడిన ఇంకో ఆలోచన నాకు చాలా ఇష్టం. ఎండనీ, గాలినీ వేరువేరుగా చూసే బదులు రెండూ కలిపి ఒకే ఉష్ణోగ్రతగా చెప్పడం. గాలి 40 డిగ్రీలుండొచ్చు, కానీ నల్లటి కప్పుకి మధ్యాహ్నం డెబ్భై దాటిన గాలి తగులుతున్నట్టే లెక్క. సున్నం వేసిన కప్పుకి అది చాలా తక్కువ. మన తాతలు ఏటా వేసవి ముందు డాబాకి సున్నం వెయ్యడం వెనక ఇంత విషయం ఉంది.

కానీ ఒక గోడకి ఈ లెక్క చేత్తో చెయ్యడానికే గంటలు పట్టేది. అందుకని పట్టికలు పుట్టాయి. ఈ గోడ, ఈ దిక్కు, ఈ గంట అయితే ఉష్ణోగ్రతల తేడా ఇంత అనుకో అని చెప్పే పట్టికలు. కాలాన్ని పట్టికలో మడిచిపెట్టి, మళ్ళీ చలికాలం సూత్రంలాగే గుణించుకోమన్నారు. క్యారియర్ కంపెనీ వాళ్ళ లోడు ఎస్టిమేటు కాగితం ఈ తరంలో బాగా పేరుపడింది. దాని నంబరు ఈ-20. మన దేశంలో ఏసీ రంగంలో పనిచేసేవాళ్ళని అడగండి, "ఈ-ట్వెంటీ షీట్" అనే ఇప్పటికీ అంటారు. ఎక్సెల్‌లోకి మారిందంతే. ఒక్క పేజీలో భవనం మొత్తం ఇమిడిపోతుంది. పైన అద్దాల్లోంచి ఎండ, తర్వాత గోడలు, కప్పు, తర్వాత మనుషులు, దీపాలు, మోటార్లు, బయటి గాలి. ఆ పేజీ పైన ఒక మూల చిన్న గడి ఉంటుంది. ఈ ఎస్టిమేటు ఏ గంటకి వేశారో అందులో రాయాలి. చాలామంది సాయంత్రం 4 అని అలవాటుగా రాసి ముందుకెళ్ళిపోతారు. తూర్పు వైపు పెద్ద అద్దాలున్న గది పొద్దున తొమ్మిదింటికే చెమటలు పట్టిస్తుంది మరి! ఈ కథంతా ఆ గడిలోనే ఉందని నాకనిపిస్తుంది.

పట్టికలకి బదులు గోడ జ్ఞాపకాన్నే లెక్కలో పెట్టే దారి కెనడాలో దొరికింది. ఒట్టావాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో స్టీఫెన్సన్, మిటాలాస్ 1967లో ప్రచురించిన పద్ధతిని మన సాఫ్ట్‌వేర్ భాషలో చెబుతాను. గోడ మీద ఒక గంటసేపు ఒక దెబ్బ వెయ్యండి. ఆ వేడి అటువైపు తర్వాతి గంటల్లో ఎంతెంత చొప్పున బయటపడుతుందో ఒక వరుసలో రాసుకోండి. ఇక ఏ గంట లోడు కావాలన్నా, గడిచిన గంటల దెబ్బల్ని ఆ వరుసతో గుణించి కూడెయ్యడమే. చిట్ఫండు కట్టినట్టు, ఎప్పుడో వేసిన డబ్బు వాయిదాల్లో వెనక్కొస్తుంది. ఇది మనిషి చెయ్యలేని పని, కంప్యూటరుకి మాత్రం ఒక చిన్న లూపు. 1971లో వాళ్ళే ఇంకో మెరుగు చేశారు. పాత దెబ్బలతోపాటు పాత జవాబుల్ని కూడా గుర్తుపెట్టుకుంటే వరుస చాలా చిన్నదైపోతుంది. మెమరీ బంగారంలా ఉన్న రోజులవి. నేను చదివిన ఫోర్ట్రాన్ కోడులో ఆ లూపు పట్టుమని పదిహేను లైన్లు లేదు.

అమెరికా తపాలా శాఖ తన భవనాల కోసం రాయించిన ప్రోగ్రాము, నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో తమామి కుసుడా రాసిన ప్రోగ్రాము, 1972లో ట్రేన్ కంపెనీ తెచ్చిన ట్రేస్, అన్నీ ఆ కొద్ది ఏళ్ళలోనే వచ్చాయి. అయితే అందరి దగ్గరా కంప్యూటరు లేదు కదా. అందుకని యాష్రే అనే ఇంజనీర్ల సంఘం వాళ్ళు ఆ ప్రోగ్రాముల జవాబుల్నే మళ్ళీ పట్టికలుగా అచ్చేసి 1977 హ్యాండ్‌బుక్కులో పెట్టారు. ఒక తరం ఇంజనీర్లు ఆ పట్టికలతోనే బతికారు.

ఈలోగా ప్రశ్నే మారిపోయింది. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. అంతవరకూ లోడు లెక్క ఎందుకు? ఎంత పెద్ద మిషను కొనాలో తెలియడానికి. ఏడాదిలో ఒక్క ఘోరమైన గంట తెలిస్తే చాలు. ఇప్పుడు ఏడాది మొత్తానికి ఎంత కాలుతుంది అన్నది ప్రశ్న. అంటే 8760 గంటలూ లెక్కెయ్యాలి. యాష్రే 1975లో ఇంధన పొదుపు ప్రమాణం తెచ్చింది. కాలిఫోర్నియా 1978లో చట్టబద్ధమైన ప్రమాణాలు పెట్టింది. అమెరికా ఇంధన శాఖ డబ్బుతో బర్క్‌లీ ల్యాబు తదితరులు డీఓఈ-2 అనే ప్రోగ్రాము తయారుచేశారు. దాని వారసుడే 2001లో వచ్చిన ఎనర్జీప్లస్. కాంట్రాక్టరుకీ యజమానికీ మధ్య ఉండే కాగితం కాస్తా ప్రభుత్వానికి సమర్పించే పత్రమైంది. ఇది పెద్ద మార్పు. పాసయ్యే జవాబు కావాలనుకునేవాడు అప్పుడే పుట్టాడు.

డీఓఈ-2 రిపోర్టులు చూసినవాళ్ళకి ఆ కాలం లైన్ ప్రింటరు వాసన గుర్తొస్తుంది. అన్నీ పెద్దక్షరాలు, నూటముప్ఫై కాలమ్‌ల వెడల్పు. ఒక్కో రిపోర్టుకీ ఒక కోడు. ఎల్‌వీ అంటే మీరిచ్చిన వివరాలు సరిగ్గా చదువుకున్నానో లేదో చూసుకోండి అని. ఎల్‌ఎస్ అంటే లోడుల సారాంశం. నాకు అన్నిటికన్నా నచ్చింది ఎల్‌ఎస్-ఏ. ఒక్కో గదికీ అత్యధిక లోడు ఎంత, అది ఏ నెల ఏ తేదీ ఏ గంటకి వచ్చింది, అప్పుడు బయట ఉష్ణోగ్రతెంత, అన్నీ వరుసగా ఉంటాయి. అడుగున రెండు అంకెలు. ఒకటి అన్ని గదుల శిఖరాల మొత్తం. రెండోది మొత్తం భవనం శిఖరం. రెండోదే చిన్నది. తూర్పు గదులు పొద్దున మండుతాయి, పడమటి గదులు సాయంత్రం మండుతాయి, ఒకేసారి అన్నీ మండవు. గదికి గాలి పంపే ఫాను మొదటి లెక్క ప్రకారం ఉండాలి. కింద ఉన్న పెద్ద చిల్లరుకి రెండోది చాలు. కాలం ఊసు లేని రిపోర్టయితే ఈ రెండో అంకె అసలు పుట్టదు.

నా కాంట్రాక్టులో గొడవంతా దీని దగ్గరే వచ్చింది. మేనేజర్లకి ఒక్క పేజీ కావాలి. నీలిరంగు గడిలో ఒకే ఒక్క అంకె. గంట, తేదీ, ఊహించుకున్న ఉష్ణోగ్రతలు, సేఫ్టీ ఫ్యాక్టరు, ఇవన్నీ "కస్టమర్ చదవడు" అని తీసెయ్యమన్నారు. పెద్దాయన ఒప్పుకోలేదు. మీటింగులో బోర్డు మీద మూడంకెలు రాశాడు. లెక్క చేసిన కుర్ర ఇంజనీరు ఎందుకైనా మంచిదని 15 శాతం కలుపుతాడు. అతనికి తెలియకుండా పైవాడు ఇంకో 10 శాతం. మిషన్లమ్మేవాడు ఇంకో 20 శాతం. 1.15 ఇంటూ 1.1 ఇంటూ 1.2. నూరు టన్నుల భవనానికి నూట యాభై రెండు టన్నుల మిషను. ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరికి వాళ్ళు జాగ్రత్త పడ్డారంతే. ముందువాడు కలిపింది కాగితం మీద కనపడితేనే వెనకవాడు ఆగుతాడు. చివరికి రాజీ కుదిరి, నీలి గడి ఒక పేజీ, ఊహలన్నీ రెండో పేజీ అని తేలింది. ఆ రెండో పేజీ లేఅవుట్ నేనే చేశాను. పదకొండు నెలల్లో నాకు తృప్తినిచ్చిన పని అదొక్కటే.

ఊహల పేజీలో ఎంత కొంటెతనం దాక్కోగలదో తర్వాతెప్పుడో డాలస్ దగ్గర ఒక స్నేహితుడి ఇంట్లో చూశాను. మూడు బెడ్రూముల ఇల్లు. కిటికీలు కొత్తవి వేయించాడు, అటక మీద ఇన్సులేషన్ నింపించాడు, కానీ పాతది ఐదు టన్నులని కాంట్రాక్టరు కొత్తది కూడా ఐదే పెట్టాడు. ఇల్లు ఐదారు నిమిషాల్లో చల్లబడి మిషను ఆగిపోతుంది. తేమ తియ్యాలంటే మిషను కాసేపు నిలకడగా తిరగాలి, కాయిలు మీద నీళ్ళు పట్టి కారిపోవాలి. అంత వ్యవధి ఇవ్వదు. దాంతో ఇల్లు చల్లగానే ఉంటుంది, ఒళ్ళు మాత్రం జిగటగా ఉంటుంది. వాళ్ళావిడ వేయించిన అప్పడాలు అన్నం వడ్డించేలోపు మెత్తబడిపోతున్నాయని గొడవ. అల్మరాలో పట్టుచీరకి మచ్చలొచ్చాక విషయం ముదిరింది.

లెక్క కాగితం అడిగితే కాంట్రాక్టరు ఇచ్చాడు. ఇక్కడ ఇళ్ళకి మాన్యువల్ జే అనే పద్ధతి ఉంది, చాలా ఊళ్ళ బిల్డింగ్ కోడు ప్రకారం అది చెయ్యాలి. మొదటి పేజీలో అంకె, ఐదు టన్నులు. రెండో పేజీ తిప్పితే బయట ఉష్ణోగ్రత 112, లోపల 68, ఇంట్లో మనుషులు పదిమంది! డాలస్‌కి పద్ధతి ప్రకారం తీసుకోవాల్సింది సుమారు 100. లోపల 75. మనుషుల్ని బెడ్రూముల సంఖ్య కన్నా ఒకటి ఎక్కువ వెయ్యాలి, అంటే నలుగురు. జవాబు ముందే రాసుకుని దానికి సరిపడా ప్రశ్న తయారుచేసిన కాగితం అది. అసలు వివరాలతో వేస్తే మూడున్నర దాటలేదు. కొత్తగా రెండు వేగాల మిషను పెట్టించుకోడానికి వాడికి ఎంతయిందో ఇక్కడ రాస్తే బాగుండదు.

"112 డిగ్రీల రోజులు డాలస్‌లో రావా మరి?" అని మీరడగొచ్చు. వస్తాయి, ఎప్పుడో ఒకసారి. లెక్కలో రికార్డు ఎండని తీసుకోరు. ఏడాది గంటల్లో 0.4 శాతం మాత్రమే దాటే ఉష్ణోగ్రతని గానీ, 1 శాతం దాటేదాన్ని గానీ తీసుకుంటారు. 0.4 శాతమంటే 8760లో 35 గంటలు. ఆ 35 గంటలు ఇల్లు ఒకట్రెండు డిగ్రీలు వెచ్చగా ఉంటుందని ముందే ఒప్పుకుని, మిగతా 8700 గంటలు హాయిగా ఉండేలా కొలుస్తారు. ఈ ఒప్పందం ఎవరూ మనకి చెప్పరు. చెబితే చాలామంది ఒప్పుకుంటారని నా నమ్మకం.

మన ఐటీ వాళ్ళం కూడా ఈ చరిత్రలో ఒక పేజీ పాడుచేశాం. 1980ల తర్వాత ఆఫీసుల్లో ప్రతి బల్ల మీదా కంప్యూటరు వచ్చింది. ఇంజనీర్లు దాని వెనక అంటించిన చీటీ మీద ఎన్ని వాట్లుంటే అన్నీ వేడి కింద రాసేశారు. 1990లలో మీటర్లు పెట్టి కొలిస్తే నిజంగా వాడేది చీటీ మీదున్న దాంట్లో పాతిక నుంచి యాభై శాతం అని తేలింది. మనిషి మాత్రం అంచనా తప్పలేదు. ఆఫీసులో కూర్చుని పనిచేసే మనిషి అప్పుడూ ఇప్పుడూ సుమారు 130 వాట్లే, ప్రమోషన్ వచ్చినా రాకపోయినా.

హైదరాబాదు సంగతి చెప్పకపోతే మనవాళ్ళు ఊరుకోరు. 2004 జులైలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కి లీడ్ ప్లాటినం రేటింగ్ వచ్చింది. అమెరికా బయట అది మొదటిది. గాలిని ముందే చల్లబరిచే విండ్ టవర్లు, కప్పు మీద పచ్చిక, వీటి లాభాన్ని చూపించాలంటే గంటగంటకీ లెక్క వెయ్యక తప్పదు. 2007లో కేంద్రం ఇంధన పరిరక్షణ భవన నియమావళి తెచ్చింది. అందులో ఒక దారి ఇది: మీ భవనాన్నీ, అదే ఆకారంలో నియమాల ప్రకారం ఉండే ఊహాభవనాన్నీ కంప్యూటర్లో పక్కపక్కన ఏడాది పాటు నడిపి చూపించండి, మీది తక్కువ తింటే చాలు. ఒట్టావాలో పుట్టిన ఆ పదిహేను లైన్ల లూపు వారసులు ఇప్పుడు గచ్చిబౌలిలో కూడా తిరుగుతున్నాయన్నమాట.

ఇక ఆ ఏడాది ఏ ఏడాది అన్న ప్రశ్న ఒకటి మిగిలింది. 8760 గంటల ఎండా, గాలీ, తేమా ఎక్కణ్ణించో రావాలి కదా. ఏదో ఒక సంవత్సరం తీసుకుంటే అది మరీ మండిన ఏడో, మరీ చల్లనిదో కావచ్చు. అందుకని ముప్ఫై ఏళ్ళ రికార్డులు తిరగేసి, జనవరికి ఏ సంవత్సరం సగటు జనవరిలా ఉందో అది, ఫిబ్రవరికి వేరే సంవత్సరానిది, అలా పన్నెండు నెలలు ఏరి బొంతలా కుట్టేస్తారు. ఎన్నడూ జరగని ఏడాది అది. డీఓఈ-2 రోజుల్లో అమెరికాలో చాలాకాలం వాడిన ఫైళ్ళు 1961 నుంచి 1990 వరకూ ఉన్న రికార్డులతో కుట్టినవి. వాటితో లెక్కగట్టిన భవనాలు ఇప్పటి వేసవుల్లో నిలబడి ఉన్నాయి. కుట్టిన ఫైలు పాతదైతే గోడ మందం ఎంత కచ్చితంగా ఇచ్చినా జవాబు పాత ఎండకే వస్తుంది. ఆ ఫైలు పేరు రిపోర్టులో ప్రతి పేజీ నెత్తిన చిన్నక్షరాల్లో ఉంటుంది, మా మేనేజర్లు తీసెయ్యమన్న మొదటి లైను అదే.